రక్త క్యాన్సర్లకు జాతీయ రిజిస్ట్రీ: బస్తర్ రోగి ఎవరి లెక్కలోకి వస్తాడు?

ఛత్తీస్‌గఢ్ దక్షిణ కొసన, శబరి నది ఒడ్డున ఉన్న కొంటా పట్టణానికి జిల్లా కేంద్రం సుక్మా, డివిజన్ కేంద్రం జగదల్‌పుర్, రాష్ట్ర రాజధాని రాయ్‌పుర్. పాలన ఆ వరుసలో సాగుతుంది. జబ్బుపడిన మనిషి ప్రయాణం మాత్రం ఆ వరుసను పాటించదు. కొంటా నుంచి భద్రాచలం వంద కిలోమీటర్ల లోపే. జగదల్‌పుర్ అంతకు దాదాపు రెట్టింపు దూరం. రాయ్‌పుర్ చేరాలంటే అక్కడి నుంచి మరో 300 కిలోమీటర్లు వెళ్లాలి. భోపాలపట్నం వాసులను 163వ నంబరు జాతీయ రహదారి నేరుగా వరంగల్‌కు, హైదరాబాద్‌కు చేరుస్తుంది. కిరండూల్, దంతెవాడ, జగదల్‌పుర్ ప్రజలకు అరకు మీదుగా విశాఖపట్నం వెళ్లే రైలు ఉంది. అందువల్ల దక్షిణ బస్తర్‌లో ఒక బిడ్డకు లుకేమియా సోకితే, ఆ వ్యాధిని తొలిసారి నిర్ధారించేది తెలంగాణలోనో ఆంధ్రప్రదేశ్‌లోనో ఉన్న ఆసుపత్రి కావచ్చు. ఆ బిడ్డ పేరు ఏ ప్రాంతపు లెక్కలో చేరుతుందన్న ప్రశ్నకు ప్రస్తుత వ్యవస్థలో స్పష్టమైన జవాబు లేదు.

రక్త క్యాన్సర్లకు దేశవ్యాప్తంగా ఒకే రోగుల రిజిస్ట్రీ ఉండాలన్న వాదనను పరిశీలించడానికి బస్తర్‌ను మించిన గీటురాయి దొరకడం కష్టం. ముంబైలోనో చెన్నైలోనో బాగా పనిచేసే పద్ధతి ఇక్కడ పనిచేయకపోతే అది జాతీయ రిజిస్ట్రీ అనిపించుకోదు, పెద్ద ఆసుపత్రుల ఉమ్మడి జాబితాగా మిగిలిపోతుంది.

దేశంలో క్యాన్సర్ నమోదు కొత్త విషయమేమీ కాదు. భారతీయ వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్, 1981లో జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ కార్యక్రమాన్ని ప్రారంభించింది. బెంగళూరు, బొంబాయి, మద్రాసు నగరాలలో జనాభా ఆధారిత రిజిస్ట్రీలు, చండీగఢ్, డిబ్రూగఢ్, తిరువనంతపురంలలో ఆసుపత్రి ఆధారిత రిజిస్ట్రీలు తొలి విడతలో పనిచేశాయి. ఈ రెండు రకాల మధ్య తేడాను గుర్తుంచుకోవడం అవసరం. ఒక ప్రాంతంలో నివసించే ప్రజలలో ఏడాదికి ఎందరికి క్యాన్సర్ వచ్చిందో జనాభా రిజిస్ట్రీ లెక్కిస్తుంది. ఫలానా ఆసుపత్రికి ఎందరు వచ్చారు, వారికి ఏ చికిత్స అందింది అన్నది ఆసుపత్రి రిజిస్ట్రీ చెబుతుంది. మొదటిది వ్యాధి భారాన్ని కొలిచే తూనిక, రెండోది వైద్యం తీరును చూపే దర్పణం.

2020లో వెలువడిన జాతీయ నివేదికలో 28 జనాభా రిజిస్ట్రీల వివరాలు ఉన్నాయి. తెలుగు రాష్ట్రాల నుంచి అందులో ఉన్నది హైదరాబాద్ జిల్లా ఒక్కటే. ఈశాన్య రాష్ట్రాలకు చక్కని ప్రాతినిధ్యం ఉంది. మధ్యప్రదేశ్ నుంచి భోపాల్ ఉంది; అక్కడి రిజిస్ట్రీ 1984 నాటి విషవాయు దుర్ఘటన తరువాత ఏర్పడింది. మహారాష్ట్ర నుంచి నాగ్‌పుర్, వార్ధా ఉన్నాయి. ఛత్తీస్‌గఢ్ నుంచి ఒక్కటీ లేదు, ఒడిశా నుంచీ లేదు. గోదావరికి ఉత్తరాన విస్తరించిన దండకారణ్యం మొత్తం ఆ పటంలో ఖాళీగానే కనిపిస్తుంది. కాంకేర్, కొండగావ్, నారాయణ్‌పుర్, బస్తర్, దంతెవాడ, బీజాపుర్, సుక్మా అనే ఏడు జిల్లాల బస్తర్ డివిజన్ విస్తీర్ణం దాదాపు 39 వేల చదరపు కిలోమీటర్లు. అంటే కేరళ రాష్ట్రమంత. 2011 జనగణన ప్రకారం జనాభా సుమారు 31 లక్షలు.

అయినప్పటికీ ఛత్తీస్‌గఢ్‌లో ఏటా ఎన్ని క్యాన్సర్ కేసులన్న ప్రశ్నకు పార్లమెంటులో అంకెలతోనే సమాధానం వస్తుంది. అవి లెక్కించిన అంకెలు కావు, అంచనాలు. నమోదు జరిగే ప్రాంతాలలోని రేట్లను నమోదు లేని రాష్ట్రాల జనాభాకు వర్తింపజేసి వాటిని రూపొందిస్తారు. 2022లో దేశంలో 14.61 లక్షల కొత్త క్యాన్సర్ కేసులు ఉండవచ్చన్న ఐసీఎంఆర్ అంచనా కూడా ఈ తరహాదే. విధాన రూపకల్పనకు అంచనా పనికివస్తుంది. గణాంక శాస్త్రం దాన్ని తప్పుపట్టదు. అయితే సుక్మా గ్రామాల రక్త క్యాన్సర్ల రేటును ఎక్కడో నగరాల నుంచి అరువు తెచ్చుకున్నప్పుడు, ఆ అంకె సుక్మా గురించి చెప్పేది చాలా తక్కువ.

జ్వరం, రక్తహీనత, పెరిగిన ప్లీహం

ఇతర క్యాన్సర్ల కంటే రక్త క్యాన్సర్ల నమోదు ఎందుకు కష్టమో బస్తర్‌లో మరింత స్పష్టంగా తెలుస్తుంది. నోటిలో పుండు, రొమ్ములో గడ్డ కంటికి కనిపిస్తాయి, చేతికి తగులుతాయి. లుకేమియాకు అలాంటి గుర్తు ఉండదు. విడవని జ్వరం, పాలిపోయిన ముఖం, నీరసం, చిగుళ్ల నుంచి రక్తం, కొందరిలో పెరిగిన ప్లీహం దాని లక్షణాలు. బస్తర్‌లో ఈ లక్షణాలన్నింటికీ అంతకంటే చేరువైన వివరణలు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. జ్వరమంటే మలేరియా. పాలిపోతే పోషకాహార లోపమో సికిల్ సెల్ వ్యాధో. ప్లీహం పెరిగితే పాత మలేరియా. ఈ ఊహలు చాలాసార్లు నిజమవుతాయి కూడా, ఎందుకంటే ఆ వ్యాధులు అక్కడ విస్తారంగా ఉన్నాయి. ప్రమాదం కూడా అక్కడే ఉంది. మలేరియా మందు వేసినా తగ్గని జ్వరానికి మళ్లీ మలేరియా మందే వేస్తే రెండు మూడు వారాలు గడిచిపోతాయి. ఉద్ధృత లుకేమియాలో ఆ వారాలే ప్రాణం.

ఒక వైద్య పరిణామం ఇక్కడ ప్రస్తావించదగినది. పూర్వం మలేరియా నిర్ధారణకు గాజు పలక మీద రక్తపు పూత తీసి సూక్ష్మదర్శినితో చూసేవారు. పరాన్నజీవి కోసం వెతికే చూపునకు అసహజంగా పెరిగిన తెల్ల కణాలు కూడా ఒక్కోసారి తగిలేవి. ఇప్పుడు గ్రామాలలో ఆ స్థానాన్ని నిమిషాలలో ఫలితం చెప్పే ర్యాపిడ్ కిట్లు ఆక్రమించాయి. 2020 జనవరిలో మొదలైన 'మలేరియా ముక్త్ బస్తర్' కార్యక్రమంలో ఇంటింటి పరీక్షలు సాధ్యపడ్డాయంటే కారణం ఈ కిట్లే. వాటి మేలును ఎవరూ కాదనలేరు. కిట్ మాత్రం మలేరియా ఉందా లేదా అన్న ఒక్క ప్రశ్నకే జవాబిస్తుంది. తెల్ల కణాల సంగతి దానికి పట్టదు.

సికిల్ సెల్ పరీక్షలదీ ఇదే పరిస్థితి. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని శహడోల్‌లో ప్రధానమంత్రి ప్రారంభించిన జాతీయ సికిల్ సెల్ రక్తహీనత నిర్మూలన మిషన్, గిరిజన ప్రాంతాలలో 40 ఏళ్ల లోపు వయసున్న 7 కోట్ల మందిని పరీక్షించాలని లక్ష్యంగా పెట్టుకుంది. పరీక్ష చేయించుకున్న వారి వివరాలు ఆన్‌లైన్ పోర్టల్‌లో చేరుతున్నాయి. రక్త సంబంధిత వ్యాధి కోసం గిరిజన గ్రామాలకు ప్రభుత్వ యంత్రాంగం ఇంత విస్తృతంగా వెళ్లడం ఇదే మొదటిసారి అనవచ్చు. రక్త క్యాన్సర్ల రిజిస్ట్రీకి ఇంతకంటే మంచి పునాది మరొకటి దొరకదు. అయితే ఇందుకు ఒక చిన్న చేర్పు అవసరం. పరీక్షలో సికిల్ సెల్ లేదని తేలినా తీవ్ర రక్తహీనత ఉన్నవారికి, మలేరియా లేదని తేలినా జ్వరం వీడనివారికి పూర్తి రక్తకణ పరీక్ష తప్పనిసరి చేయాలి. ఆ యంత్రాలు జిల్లా ఆసుపత్రులకు అందని విలాసాలు కావు. లోపించినది 'నెగటివ్' ఫలితం వచ్చిన మనిషిని తరువాత ఎక్కడికి పంపాలన్న నియమం.

2002 నుంచి ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో పనిచేస్తున్న మితానిన్ కార్యకర్తలు ఈ వ్యవస్థకు తొలి మెట్టు. ఆశా కార్యకర్తల పథకం దేశమంతటా రాకముందే ఆ రాష్ట్రం వారిని ఏర్పాటు చేసుకుంది. ఏ ఇంట్లో ఏ బిడ్డకు జ్వరం విడవలేదో వారికి తెలిసినంతగా ఏ కంప్యూటర్‌కూ తెలియదు.

నమోదైనా లెక్కలోకి రాని రోగి

బస్తర్ రోగి హైదరాబాద్‌కు చేరి వ్యాధి నిర్ధారణ అయిందనుకుందాం. ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి వంటి సంస్థలో అతని కేసు ఆసుపత్రి రికార్డులకు ఎక్కుతుంది. హైదరాబాద్ జిల్లా జనాభా రిజిస్ట్రీలో మాత్రం ఎక్కదు, ఎక్కకూడదు కూడా. ఆ ప్రాంతంలో కనీసం ఒక సంవత్సరంగా నివసిస్తున్నవారినే జనాభా రిజిస్ట్రీ లెక్కిస్తుంది. లేకపోతే పెద్ద ఆసుపత్రులున్న ప్రతి నగరంలోనూ వ్యాధి విపరీతంగా ఉన్నట్లు తప్పుడు చిత్రం వస్తుంది. నియమం సరైనదే. ఆ కేసును రోగి స్వస్థలపు రిజిస్ట్రీకి పంపాలన్నది దానికి అనుబంధ సూత్రం. బస్తర్‌లో రిజిస్ట్రీ లేనప్పుడు పంపేది ఎక్కడికి? అలా ఆ రోగి హైదరాబాద్ లెక్కలో పరాయివాడిగా, ఛత్తీస్‌గఢ్ లెక్కలో లేనివాడిగా మిగులుతాడు.

ఇంతకంటే చిక్కైన పరిస్థితి మరొకటి ఉంది. 2005 తరువాత బస్తర్‌లో హింస పెచ్చరిల్లినప్పుడు వేలాది ఆదివాసీ కుటుంబాలు సరిహద్దు దాటి నాటి ఖమ్మం, వరంగల్ జిల్లాల అడవుల్లో తలదాచుకున్నాయి. తెలుగు నేలపై గుత్తికోయలుగా పిలుస్తున్న ఈ ప్రజలు నేడు భద్రాద్రి కొత్తగూడెం, ములుగు జిల్లాల్లోనూ, ఆంధ్రప్రదేశ్‌లోని చింతూరు ప్రాంతంలోనూ నివసిస్తున్నారు. ఏళ్ల తరబడి ఇక్కడే ఉన్నా, చాలామందికి తెలంగాణలో గిరిజన ధ్రువపత్రం దక్కలేదు. కొన్ని ఆవాసాలకు రెవెన్యూ రికార్డులలో పేరే లేదు. వీరిలో ఒకరికి లుకేమియా వస్తే నివాసం ఏదని రాయాలి? పుట్టిన ఊరా, ఇప్పుడుంటున్న గుడిసెల సముదాయమా? గణాంకవేత్త దృష్టిలో రెండో జవాబే సరైనది. చికిత్సకు డబ్బు చెల్లించే పథకం దృష్టిలో మాత్రం కార్డు మీద ఉన్న చిరునామాయే చిరునామా.

పేర్ల సమస్య కూడా తక్కువది కాదు. మడకం, మడ్కం, మాడ్కమ్ అనే మూడు రూపాలూ ఒకే ఇంటిపేరు కావచ్చు. జగదల్‌పుర్‌లో హిందీలో రాసిన పేరు, భద్రాచలంలో తెలుగులోకి మారి, హైదరాబాద్ కంప్యూటర్‌లో ఇంగ్లీషులో చేరేసరికి ముగ్గురు రోగులుగా తయారవుతుంది. ఒకే గ్రామంలో ఒకే పేరు, ఒకే ఇంటిపేరు ఉన్నవారు నలుగురు ఉండవచ్చు. అప్పుడు నలుగురు కలిసి ఒక్కరవుతారు. పుట్టిన తేదీ తెలియక చాలామందికి జనవరి 1 అనే రాస్తారు. పేరు, వయసు, చిరునామా ఆధారంగా నకిలీ నమోదులను తొలగించే సాఫ్ట్‌వేర్ ఈ అడవి అంచున ఎలా తడబడుతుందో ఊహించడం కష్టం కాదు. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ఇస్తున్న ఆరోగ్య సంఖ్య ఈ ముడిని కొంతవరకు విప్పగలదు, అది రోగి చేతిలో ఉంటే.

ఇంతకీ లెక్క తెలిసి ఏం చేస్తారు?

ఈ ప్రశ్న సహజమైనదే. వైద్యులు, మందులు, రక్తనిధులు చాలని చోట గుమాస్తాల మీద డబ్బు ఖర్చు పెట్టడం ఏమిటని జిల్లా అధికారి అడిగితే తప్పుపట్టలేం. దీర్ఘకాలిక మైలాయిడ్ లుకేమియా చరిత్ర దీనికి మంచి జవాబు చెబుతుంది.

ఈ వ్యాధికి ఇమాటినిబ్ అనే మాత్ర 2001లో అందుబాటులోకి వచ్చింది. ప్రాణాంతకమైన జబ్బును రోజూ మాత్ర వేసుకుని నెట్టుకురాగల స్థితికి అది తెచ్చింది. 2003లో హైదరాబాద్‌కు చెందిన నాట్కో సంస్థ అదే మందును వీనాట్ పేరుతో చవకగా తెచ్చింది. నోవార్టిస్ పేటెంట్ అభ్యర్థనను సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 1న తోసిపుచ్చేనాటికి, నెలకు లక్ష రూపాయలు దాటే ఖర్చు స్థానంలో పది వేల లోపు ఖర్చుతో మందు దొరుకుతోంది. తెలుగు నేల మీద తయారైన ఆ మాత్ర అనేక దేశాల రోగుల ప్రాణాలు నిలిపింది. మరి భద్రాచలానికి అవతల ఎందరికి అది అందింది? ఎందరు మొదలుపెట్టి మానేశారు? ఏటా ఎన్ని మాత్రలు జగదల్‌పుర్ గోదాములో ఉండాలి? సమాధానం ఉంటే తప్ప మందు కొనుగోలుకు ఇండెంటు రాయడం కుదరదు.

స్వీడన్‌లో ఆ సమాధానం ఉంది. అక్కడ 1958 నుంచి జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ, 2002 నుంచి ఈ ఒక్క రకం లుకేమియాకు ప్రత్యేక రిజిస్ట్రీ పనిచేస్తున్నాయి. 1973 నుంచి 2013 వరకు వ్యాధి సోకినవారి వివరాలను పరిశీలించిన పరిశోధకులు, కొత్త తరం రోగుల ఆయుర్దాయం సాధారణ ప్రజల ఆయుర్దాయానికి చాలా దగ్గరగా వచ్చిందని 2016లో నిరూపించగలిగారు. మందు పనిచేస్తుందని క్లినికల్ పరీక్షలు చెప్పాయి. దేశంలో ప్రతి ఒక్కరికీ పనిచేసిందని చెప్పగలిగింది మాత్రం రిజిస్ట్రీ.

పిల్లలలో వచ్చే లింఫోబ్లాస్టిక్ లుకేమియా విషయంలో నమోదు ఇంకా ముఖ్యం. సంపన్న దేశాలలో పదిమందిలో తొమ్మిదిమంది పిల్లలు కోలుకుంటున్న వ్యాధి ఇది. చికిత్స రెండేళ్లకు పైగా సాగుతుంది. తొలి నెలల ఇంజెక్షన్ల తరువాత బిడ్డ ఆడుకోవడం మొదలుపెడుతుంది. కూలి పోగొట్టుకుని, అప్పు చేసి, తెలియని భాషల నగరంలో నెలల తరబడి గడిపిన తల్లిదండ్రులు నయమైందనుకుని ఇంటికి వెళ్లిపోతారు. వ్యాధి తిరగబెడుతుంది. ఇలా మధ్యలో ఆగిన చికిత్సలు మన దేశంలో మరణాలకు ఒక ముఖ్య కారణమని పిల్లల క్యాన్సర్ వైద్యులు ఎన్నో ఏళ్లుగా చెబుతున్నారు. ఆసుపత్రి ఫైలులో అటువంటి బిడ్డ 'మళ్లీ రాలేదు' అన్న ఒక్క మాటతో ముగిసిపోతుంది. రిజిస్ట్రీలో అయితే ఆ మాట ఒక పని మొదలయ్యే చోటు కావాలి: ఫోను చేయడం, మితానిన్‌కు కబురు పంపడం, కీమోథెరపీ తదుపరి మోతాదు జగదల్‌పుర్‌లోనే ఇవ్వగలరేమో చూడడం. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో అన్ని జిల్లా ఆసుపత్రులలో మూడేళ్లలో డేకేర్ క్యాన్సర్ కేంద్రాలు నెలకొల్పుతామని ప్రకటించారు. వాటిలో ఏది ఎక్కడ ముందు రావాలన్నది కూడా ఇలాంటి సమాచారం నుంచే తేలాలి.

లెక్క ఉపయోగాలు మందుల సరఫరాతో ఆగవు. ఉగాండాలో పనిచేసిన ఐరిష్ శస్త్రవైద్యుడు డెనిస్ బర్కిట్, పిల్లల దవడలలో వస్తున్న ఒక రకం కణితిని 1958లో వర్ణించాడు. 1961లో ఇద్దరు మిత్రులతో పాత వ్యాను ఎక్కి తూర్పు ఆఫ్రికా ఆసుపత్రులన్నీ తిరిగి, ఏ ఊరిలో ఆ వ్యాధి ఉంది, ఏ ఊరిలో లేదు అని పటం మీద గుర్తులు పెట్టుకున్నాడు. ఆ గుర్తులు వేడి, తేమ కలిసిన మలేరియా మండలంతో సరిపోయాయి. నేడు బర్కిట్ లింఫోమాగా పిలుస్తున్న ఆ వ్యాధికి ఒక వైరస్‌తోనూ మలేరియాతోనూ ఉన్న సంబంధం అలా బయటపడింది. అది ప్రయోగశాలలో కాదు, ఊళ్ల జాబితాలో మొదలైన ఆవిష్కరణ. మలేరియా, సికిల్ సెల్ రెండూ తరతరాలుగా ఉన్న బస్తర్ వంటి ప్రాంతంలో రక్త క్యాన్సర్ల తీరు మైదాన ప్రాంతాల తీరుకు భిన్నమా అన్నది సమాధానం వెతకదగిన ప్రశ్నే.

యాప్ కాదు, మనుషులు కావాలి

దేశంలో రక్త క్యాన్సర్ల సమాచారాన్ని ఒకచోట చేర్చే ప్రయత్నాలు లేకపోలేదు. వెల్లూరు సీఎంసీ సహా పలు ఆసుపత్రుల వైద్యులు హెమటాలజీ క్యాన్సర్ కన్సార్షియంగా ఏర్పడి లుకేమియా రోగుల వివరాలు పోగుచేస్తున్నారు. మూలకణ మార్పిడులకు సంబంధించిన రిజిస్ట్రీ వేరుగా ఉంది. ఇవన్నీ విలువైనవే, అన్నింటికీ ఉమ్మడి పరిమితి ఒకటే: పెద్ద ఆసుపత్రి గడప తొక్కినవారే వాటిలో ఉంటారు. ఆ గడప దాకా రానివారి జాడ మరణ ధ్రువపత్రాలలో దొరకాలి. అక్కడా నిరాశే. 2020లో దేశంలో నమోదైన మరణాలలో వైద్యపరంగా కారణం ధ్రువీకరించినవి 22.5 శాతం మాత్రమే.

క్యాన్సర్‌ను తప్పనిసరిగా తెలియజేయవలసిన వ్యాధిగా ప్రకటించాలని ఆరోగ్య శాఖపై పార్లమెంటరీ స్థాయీ సంఘం 2022 సెప్టెంబరులో సిఫారసు చేసింది. కర్ణాటక, త్రిపుర వంటి కొన్ని రాష్ట్రాలు ముందే ఆ పని చేశాయి. ఉత్తర్వు ఉపయోగమే, కానీ బస్తర్‌లో ఆ ఉత్తర్వు ఎవరికి వర్తిస్తుంది? వ్యాధిని గుర్తించే ప్రయోగశాల రాష్ట్రం దాటి ఉన్నప్పుడు, పొరుగు రాష్ట్రపు ఆసుపత్రి తెలియజేయవలసింది తన ప్రభుత్వానికా, రోగి ప్రభుత్వానికా అన్నది ఉత్తర్వులోనే తేల్చాలి.

పల్లెల్లో నమోదు అసాధ్యమన్న వాదనకు మహారాష్ట్రలోని బార్షీ ఎప్పుడో బదులిచ్చింది. టాటా మెమోరియల్ ఆసుపత్రి తోడ్పాటుతో 1987లో అక్కడ మొదలైన దేశపు తొలి గ్రామీణ రిజిస్ట్రీ, కేసుల కోసం ఆసుపత్రిలో కూర్చుని ఎదురుచూడలేదు. శిక్షణ పొందిన సిబ్బంది ఊరూరా తిరిగారు, గ్రామపెద్దలతో మాట్లాడారు, లక్షణాలు వివరించారు, అనుమానం ఉన్నవారిని పరీక్షకు తీసుకొచ్చారు. లెక్కకోసం వెళ్లినవారే అవగాహన పెంచినవారయ్యారు. బార్షీ మైదాన ప్రాంతం, భాష ఒకటే. బస్తర్‌లో గోండి, హల్బీ, దోర్లీ, తెలుగు అన్నీ కావాలి. అన్నింటికీ మించి నమ్మకం కావాలి. దశాబ్దాల సంఘర్షణలో జాబితాలో పేరు ఎక్కడమంటేనే బెదిరిన ఊళ్లు ఇవి. ఆరోగ్య సమాచారం ఆరోగ్యానికి తప్ప మరే శాఖకూ చేరదన్న హామీ 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పాఠంలో ఉంటే సరిపోదు. వారి భాషలో, వారి ఎదుట చెప్పి నిలబెట్టుకోవాలి.

జగదల్‌పుర్‌లో బలిరామ్ కశ్యప్ స్మారక ప్రభుత్వ వైద్య కళాశాల 2006 నుంచి ఉంది. అక్కడ ఒక జనాభా రిజిస్ట్రీ నెలకొల్పి, హైదరాబాద్, వరంగల్, విశాఖపట్నం, రాయ్‌పుర్ ఆసుపత్రులు బస్తర్ చిరునామా ఉన్న ప్రతి రక్త క్యాన్సర్ కేసును దానికి పంపేలా మూడు రాష్ట్రాలూ ఒప్పందం చేసుకుంటే పని మొదలవుతుంది. అందుకు కావలసింది కొత్త భవనం కాదు. కొన్నేళ్ల పాటు జీతం ఆగని అరడజను ఉద్యోగాలు, ఒక పాథాలజిస్టు సమయం, ప్రయాణ భత్యం. ప్రారంభోత్సవానికి రిబ్బను లేని ఇలాంటి ఖర్చును ప్రభుత్వాలు అంత తేలికగా మంజూరు చేయవన్నది వేరే సంగతి.

మంజూరైతే తొలి రెండు మూడేళ్లలో బస్తర్‌లో లుకేమియా కేసుల సంఖ్య ఒక్కసారిగా పెరిగినట్లు కనిపిస్తుంది. ఎక్కడ కొత్త రిజిస్ట్రీ పెట్టినా ఇది సహజం. అంతకుముందు మలేరియాగా, రక్తహీనతగా, కారణం తెలియని జ్వరంగా పోయిన కేసులు తమ అసలు పేరుతో బయటికి రావడమే ఆ పెరుగుదల. ఆ అంకె వెలువడిన రోజు దాన్ని కొత్త ముప్పుగా ప్రకటించే తొందర వార్తా సంస్థలకూ, దాన్ని దాచిపెట్టాలన్న తొందర యంత్రాంగానికీ కలగవచ్చు.